నిన్నటి చారు

పోయిన వారం జూజువాడి దగ్గరుండే మా కొడుకు ఆఫీసుకు పోయినాను. ఏదో బ్యాంకు కాగితం మీద వాని సంతకం కావలసి వచ్చె. వాడు ఇంటికి వచ్చేది ఎప్పుడో, నేను నిద్రపోయేది ఎప్పుడో, నేనే పోతే ఒక పనైపోతాది అనుకున్నాను. పోయేసరికి భోజనాల వేళ. నలుగురు పిల్లోళ్ళు ఫోన్లో వత్తినారు, అరగంటకు ఒక సంచీ వచ్చింది, సంచీలో ప్లాస్టిక్ డబ్బాలు. నాకూ ఒకటి తెప్పించినారు. సాంబారన్నం. "ఎవురు వండినారప్పా ఇది?" అన్నాను. "ఎవురికి తెలుసు మా, యాడో చేస్తారు, ఈడికి వచ్చేస్తాది" అన్నాడు మావాడు. నేను డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకొని, కండ్లు మూసుకొని, బాగా పీల్చినాను. ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. మావానికి తల కొట్టేసినట్లయింది. "మా, అందరూ చూస్తా ఉండారు" అన్నాడు చిన్నగా. అన్నంలో తప్పేమీ లేదు, ఘుమఘుమ అంటానే ఉండాది. అయినా నాకు చెయ్యి పోలేదు. ఆకలి లేదని చెప్పి, సంతకం చేయించుకొని బస్సెక్కినాను. వయసైంది కదా, ఏదో చాదస్తం అనుకొని ఉంటారు. అనుకోనీ. నేను ఎవురింట్లో తిన్నా ముందు వాసన చూస్తాను, పెండ్లిలో అయినా సరే. అది ఎందుకో ఇన్నేండ్లుగా ఎవురికీ చెప్పలేదు, మా ఇంటాయనకు కూడా.

మా ఇల్లు అప్పుడు మూకండపల్లిలో. ఫ్యాక్టరీలు వచ్చినాక కట్టిన వరస ఇండ్లు, ఇంటికీ ఇంటికీ ఒకే గోడ. పక్కింట్లో తిరగమాత పెడితే మా ఇంట్లో తుమ్ము వచ్చేది. నాయన లారీ తోలేవాడు, నెలలో పది దినాలు ఇంట్లో ఉంటే గొప్ప. అమ్మ పేరు లక్ష్మమ్మ. కెలవరపల్లి పక్క పల్లెటూరు ఆమెది, గొర్రెల కాపరుల ఇంటి ఆడబిడ్డ. చదువు లేదు, నోట్లో మాట తక్కువ, చేతిలో పని ఎక్కువ. ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో ఉండే గుమాస్తాలకూ, మిషన్ల బొమ్మలు గీసే వాళ్ళకూ, స్టోర్సు వాళ్ళకూ మధ్యాన్నం భోజనం పంపేది. ఆడ క్యాంటీను ఉన్నింది కానీ అది కూలోళ్ళకు, అన్నం గట్టిగా రాళ్ళ మాదిరి ఉంటాదని వీళ్ళు తినరు. హోటలుకు పోవాలంటే దూరమూ, ధరా రెండూ ఎక్కువ. మా అమ్మ క్యారియరు హోటలు ధరలో సగానికి సగం, పైగా కుర్చీ దగ్గరికే వస్తాది. మూడు గిన్నెల క్యారియరు, కింద అన్నం, నడుమ చారు, పైన కూరా ఊరగాయా. ఇరవై ఎనిమిది క్యారియర్లు. మా మునిరత్నం మామ, అంటే అమ్మ తమ్ముడు, మోపెడ్డుకు రెండు పక్కలా కొక్కేలు కొట్టించుకొని, వాటికి తగిలించుకొని పోయేవాడు. మామ వీధి మలుపు తిరిగినా ఆ డబ్బాల చప్పుడు ఇంట్లోకి వినిపించేది.

ఆఫీసోళ్ళు నిండా ఇష్టపడింది అమ్మ ఉలవచారు. దానికొక పద్ధతి ఉన్నింది. ఉలవలు ఉడికించి ఆ నీళ్ళు, అంటే కట్టు, వంచుతారు కదా, దాంతో చారు కాచినాక అంతా పంపేసేది కాదు. ఒక చెంబుడు చారు అట్టిపెట్టి, సాయంత్రం ఒకసారి బుడబుడమనేట్టు తెర్లకాచి, తెల్లారి మళ్ళా తెర్లకాచి, కొత్త చారులో కలిపేసేది. నిన్నటిది ఈపొద్దుటి దాంట్లో, ఈపొద్దుటిది రేపటి దాంట్లో. అట్ల ఎన్ని నెలల చారు ఆ తపేలాలో ఉన్నిందో ఆ దేవునికే తెలియాల. దినం దినం చిక్కబడి, నల్లబడి, కాటుక మాదిరి తయారయ్యేది. "లక్ష్మమ్మా, ఈ చారు మా ఇంటిదానికి నేర్పించు" అని పెద్ద గుమాస్తా సుందరమూర్తి అయ్య ఖాళీ క్యారియర్లో చీటీ రాసి పంపేవాడు. కృష్ణగిరి మనిషి, ఈడ ఒంటిగా గది తీసుకొని ఉన్నాడు, షుగరు ఉండాదని అన్నం తగ్గించి చారు ఎక్కువ వేయమనేవాడు. చీటీలు నేనే చదివి వినిపించేదాన్ని. అమ్మ నవ్వు దాచుకొనేదానికి పొయ్యి పక్క తిరుక్కొనేది.

మా ఇంట్లో ఇంకొక పద్ధతి. వండేటప్పుడు ఎవురూ నోట్లో వేసుకొని చూడకూడదు. మొదటి ముద్ద ఇంటి దేవరకు పెట్టినాకనే ఎవురైనా. మా అవ్వ, నాయన తల్లి, వంటింటి గడప మీద కూచొని పోలీసు మాదిరి కాపలా కాసేది. గరిట నోటి దగ్గరికి పోతా ఉన్నట్టు అనుమానం వస్తే చాలు, "ఏమే, దేవరకి ఎంగిలి కూడు పెడతావా?" అని అరిచేది. ఉప్పు సరిపోయిందా, పులుపు ఎక్కువైందా, ఉడికిందా, మాడిందా, అన్నీ అమ్మ వాసనతోనే పసిగట్టేది. ఆవిరి మీదికి ముఖం వంచి, "ఇంక రవంత ఉప్పు" అంటే రవంత ఉప్పే. ఎప్పుడూ తప్పలేదు.

అట్లాంటామెకు ఒక చలికాలం విషజ్వరం వచ్చింది. పదైదు దినాలు మంచం మీద. లేచినాక ఆమెకు వాసన లేదు. ఆ సంగతి నాకు ఎట్ల తెలిసిందంటే, ఒక పొద్దు పొయ్యి పక్కన మసిగుడ్డ అంటుకొని పొగ కమ్ముకొంటా ఉంటే, అమ్మ దాని పక్కనే కూచొని నింపాదిగా కాయలు తరుగుతా ఉంది. నేను పెరట్లోనుంచి పరిగెత్తుకొని వచ్చి నీళ్ళు పోసినాను. "ఏమ్మా, నీకు తెలీలేదా?" అన్నాను. ఆమె గడప పక్క చూసింది. అవ్వ ఆడ లేదు. నా చెయ్యి పట్టుకొనింది. "సరోజా, నాకు ఏ వాసనా తెలీదు మే. ఎవురికీ చెప్పొద్దు. మీ నాయనకు కూడా. తెలిస్తే ఒక్కరు కూడా మన కూడు తినరు" అనింది. నాకప్పుడు పద్దెనిమిది. ప్లస్ టూ అయిపోయి, ఊర్లోకి పోయి టైపు నేర్చుకొంటా ఉన్నాను.

ఆ దినం నుంచి అమ్మ ముక్కు నేనే. పొద్దున ఎనిమిదింటికి అమ్మ "సరోజా, ఈ గిన్నె పట్టుకో మే" అని పిలిచేది. అవ్వకు అనుమానం రాకుండా ఉండేదానికి అది మా గుర్తు. నేను గిన్నె పట్టుకొనే నెపంతో ఆవిరి మీదికి వంగేదాన్ని. ఉప్పు చాలకపోతే కుడిచేత్తో జడ ముందరికి వేసుకోవాల. బాగుంటే "బాగుండాది మా, గిన్నె కాలతా లేదు" అనాల. ఏదైనా చెడిపోయింటే దగ్గాల. మొదట్లో నాకు భలే సరదాగా ఉన్నింది. ఇరవై ఎనిమిది మంది ఆఫీసోళ్ళు నా ముక్కు మీద ఆధారపడి తింటా ఉండారని లోపల్లోపల మురిసిపోయినాను. కొన్ని దినాలకు ఆ సరదా భయమైపోయింది. మామ మోపెడ్డు తిరిగి వచ్చేదాకా నాకు అన్నం దిగేది కాదు. ఖాళీ డబ్బాలు తేలిగ్గా గలగలమంటే ఊపిరి వచ్చేది. ఏదో ఒక పొద్దు డబ్బాలు బరువుగా తిరిగి వస్తాయని నాకు ముందే తెలిసినట్లు ఉన్నింది. అమ్మకు చెప్పినాను. "అట్లాంటి మాట నోట్లోనుంచి రానీవద్దు" అని కసిరింది.

ఎండాకాలం. ఆ పొద్దు క్యారియర్లు పోయినాక, మధ్యాన్నం మూడింటికి మా వీధి చివరింటి ముసలాయన పోయినాడు. వీధిలో శవం ఉంటే ఏ ఇంట్లోనూ పొయ్యి అంటించకూడదు. కొడుకు కృష్ణగిరినుంచి రావాల, వాడు వచ్చేసరికి పొద్దు వాలిపోయింది, ఎత్తేసరికి చీకటి పడింది. అందరూ బోరింగు కాడ తలమీద చన్నీళ్ళు పోసుకొని ఇంట్లోకి వచ్చినాము. అవ్వ "ఈ పూటకు పొయ్యి వద్దు, దీపం పెట్టి పడుకోండి" అనింది. మూలలో తపేలాలో పాత చారు అట్లనే ఉన్నింది, మూత గట్టిగా పెట్టి. సాయంత్రం దాన్ని కాచలేదు. అన్ని నెలల్లో కాచకుండా విడిచింది ఆ ఒక్క పూటే. అమ్మకు గుర్తు లేదంటారా? ఉంది. పడుకొనే ముందు ఆమె తపేలా దగ్గరికి పోయి, మూత మీద చెయ్యి పెట్టి, కొంచెంసేపు నిలబడి, వచ్చేసింది. నేను చూస్తానే ఉన్నాను.

తెల్లారేసరికి నాకు పడిశం. ఆ చన్నీళ్ళ పుణ్యం. ముక్కు రెండుపక్కలా దిమ్మెక్కి, నోటితో ఊపిరి పీలుస్తా లేచినాను. ఆ పొద్దే నాకు టైపు పరీక్ష, పదింటికి. ఆరు నెలలు చెప్పులు అరిగేలా తిరిగి నేర్చుకొన్నాను, అది పాసైతే ఏదైనా ఆఫీసులో కూచోవచ్చని నా ఆశ. అమ్మ అప్పటికే కొత్త ఉలవకట్టు కాచి, చింతపండు పిండి, పాత చారు అందులో పోసేసింది. బుడబుడమని తెర్లతా ఉంది. రంగు ఎప్పటి మాదిరే ఉంది, నురగ కూడా ఎప్పటి మాదిరే. "సరోజా, ఈ గిన్నె పట్టుకో మే." గడప మీద అవ్వ. నేను వంగినాను. ముఖానికి వేడి తగిలింది, అంతే. పులుపు లేదు, కారం లేదు, వేడి ఒక్కటే.

నేనేమి చేయాల అప్పుడు? దగ్గాల. దగ్గితే చారు పారబోయాల, మళ్ళా ఉలవలు వేయాల, మూడు గంటల పని. నన్ను ఇంట్లో ఉండమంటారు. పరీక్ష పోతాది. ఇదంతా గిన్నె మీద వంగిన ఆ రెండు నిమిషాల్లో నా బుర్రలో తిరిగింది. మూర్ఖురాలిని కాదు, తెలిసే చేసినాను. "బాగుండాది మా, గిన్నె కాలతా లేదు" అన్నాను. నా గొంతు బొంగురుగా, ముక్కుతో మాట్లాడినట్లు వచ్చింది. అమ్మ నా ముఖం పక్క చూసింది. ఒక గడియ అట్లనే చూసి, "సరే, నువ్వు పో, పరీక్షకు టయిమైంది" అనింది. మొదటి ముద్ద దేవరకు పెట్టింది. నేను మంచి చీర కట్టుకొని పోయినాను. పరీక్ష బాగా రాసినాను, ఏం చెప్పేది, వేళ్ళు ఎగిరినాయి. ఒక్క తప్పు పడలేదు.

నేను ఇంటికి వచ్చేసరికి మామ వచ్చి ఉన్నాడు. మోపెడ్డు వీధిలో పడేసి ఉంది. డబ్బాలు ఇంకా కొక్కేలకే ఉన్నాయి, కొన్ని సగం తిన్నవి, కొన్ని మూత తీసి విడిచిపెట్టినవి. "అక్కా, ఏమి పెట్టినావు ఈపొద్దు?" అంటా ఉన్నాడు. "భోజనాలయి గంట కాలేదు, ఒకరి తరవాత ఒకరు వాంతులు. పదకొండు మంది. పెద్ద గుమాస్తాను కారులో ఆస్పత్రికి ఎత్తుకొని పోయినారు." నేను గోడకు ఆనుకొని కూచుండిపోయినాను. ఇంట్లో ఇంకా ఎవురూ అన్నం తినలేదు. అవ్వ మాత్రం గడప దిగలేదు. "మా కోడలి చేతి కూడుకు అట్ల కాదు. వాళ్ళు బయట ఏమి తాగినారో ఏమో" అనింది.

సాయంత్రం ఆ ఆఫీసునుంచి ఇద్దరు వచ్చినారు. ఒకాయన చేతిలో ఒక క్యారియరు, ఆ పొద్దు రజా పెట్టి పనికి రాని ఎవురిదో, మూత కూడా తీయలేదు. "ఎన్నమ్మా ఇది? నమ్మి తింటే ఇట్లనా చేసేది?" అని తమిళమూ తెలుగూ కలిపి గట్టిగా అడిగినాడు. వీధంతా వాకిట్లోకి వచ్చింది. అమ్మ ఆయన చేతిలోనుంచి క్యారియరు తీసుకొనింది. కొక్కెం విప్పింది. గిన్నెలు వరసగా నేల మీద పెట్టి, చారు గిన్నె అన్నం మీద గుమ్మరించి, కలుపుకొని, నిలబడే తినేదానికి మొదలుపెట్టింది. "వద్దమ్మా, వద్దు" అన్నాడు రెండో ఆయన. "అందరికీ పెట్టినాను కదప్పా. నాకు కూడా కావాల" అనింది అమ్మ. ముద్ద తరవాత ముద్ద, ఆగకుండా, నోరు తుడుచుకోకుండా. నడుమలో ఒక్కసారి నా పక్క చూసింది. అప్పుడు లేచి చెప్పి ఉండాల్సింది. తప్పు నాది, నాకు వాసన తెలీలేదు, అబద్ధం చెప్పినాను అని. ఆమె గిన్నె అడుగు దాకా తిని, వేళ్ళు కడుక్కొని లోపలికి పోయింది. నేను అట్లనే కూచొని ఉన్నాను. థూ, ఏం జన్మ అని నన్ను నేనే తిట్టుకొన్నది ఆ సాయంత్రమే మొదలు.

తెల్లారేటప్పటికి వాంతులై అమ్మ కండ్లు లోపలికి పోయినాయి. మామ ఎత్తుకొని ఆస్పత్రిలో పడేసినాడు. మూడు దినాలు సెలైను ఎక్కించినారు. ఆ మూడు దినాలూ నేను ఆమె మంచం కాడే ఉన్నాను, ఒక్క మాట మాత్రం ఆమెకు చెప్పలేదు. ఆమె చచ్చిపోతాదని భయం, బతికితే అడుగుతాదని ఇంకొక భయం. ఏది పెద్దదో నాకే తెలీలేదు. ఆమె లేచింది, అడగలేదు.

మిగతా వాళ్ళందరూ తేరుకొన్నారు. సుందరమూర్తి అయ్య ఒక్కడే తేరుకోలేదు. షుగరు మనిషి కదా, వాంతులతో మొదలైంది యాడికో పోయి యాడనో తేలింది, కృష్ణగిరిలో ఉండే కూతురు వచ్చి పిలుచుకొని పోయింది. నెల తరవాత అమ్మ నన్ను వెంటబెట్టుకొని బస్సెక్కింది. నాకు పోయేదానికి ఇష్టం లేదు. ఆయన మంచం మీద ఆనుకొని కూచొని ఉన్నాడు, ముఖం పీక్కుపోయి, కాళ్ళు వాచి. మమ్మల్ని చూసి, "రా లక్ష్మమ్మా, నీ చేతి చారు లేక నోరు చచ్చిపోయింది" అని నవ్వేదానికి చూసినాడు. అమ్మ ఆయన మంచం కాడ నేల మీద కూచొనింది. "సామీ, నాకు వాసన తెలీదు. జ్వరం వచ్చినప్పటినుంచి తెలీదు. తెలీకుండానే మీకు ఇన్ని దినాలు వండి పెట్టినాను. దాచిపెట్టినాను. నా తప్పు" అనింది. నా పేరు ఎత్తలేదు. గది వాకిలి కాడ నేను నిలబడి ఉన్నాను, మా మధ్య నాలుగడుగులు. కూతురు, "ఇంక పోండమ్మా" అనింది. ఆయన మళ్ళా ఉద్యోగానికి రాలేదు. వానాకాలం ముగిసేలోగా పోయినాడని మామ విని వచ్చి చెప్పినాడు. చారు వల్లనే పోయినాడని ఎవురూ అనలేదు. కాదని కూడా నాకు ఎవురూ చెప్పలేదు.

కృష్ణగిరినుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ కిటికీ పక్క కూచొని ఉన్నింది. సూళగిరి దాటినాక, బయటికి చూస్తానే చెప్పింది. "ఆ పొద్దు నీకు పడిశం పట్టింది నాకు తెలుసు మే. నువ్వు మాట్లాడితేనే తెలిసింది." "తెలిసి కూడా ఎందుకు పంపినావు మా?" అన్నాను. "నువ్వు బాగుండాది అన్నావు కదా. పారబోసేదానికి నాకూ చెయ్యి రాలేదు" అనింది. అంతకు మించి మా ఇద్దరి మధ్య ఆ మాట ఎప్పుడూ రాలేదు. నేను ఏడ్చినాను, ఆమె నా వీపు మీద చెయ్యి వేసింది, కానీ నన్ను ఏడవొద్దు అనలేదు.

నేను టైపు పాసైనాను. సిగ్గులేకుండా ఉద్యోగమూ తెచ్చుకొన్నాను. ముప్పై ఏండ్లు ఆఫీసులో కూచొని, ఒక్క దినమూ బయటి భోజనం తెప్పించుకోలేదు. ఇప్పటి పిల్లోళ్ళకు వండిన చెయ్యి ఎవురిదో తెలీదు, వండిన చేతికి తిన్న మనిషి ఎవురో తెలీదు. కడుపు నొచ్చితే ఫోన్లో ఏదో వత్తి తిడతారు, డబ్బు వెనక్కి వస్తాది, అంతటితో ఆ సంగతి ముగిసిపోతాది. అది సుళువేమో. మాకప్పుడు తిన్నవాళ్ళు వాకిట్లోకి వచ్చి నిలబడి అడిగినారు, మేమూ పోయి వాళ్ళ మంచం కాడ కూచొన్నాము. ఏది మంచిదంటే నేను చెప్పలేను. ఆ వాకిట్లో నిలబడాల్సింది నేను, నిలబడింది మా అమ్మ.

రెండు నెలలకు అమ్మ మళ్ళా పొయ్యి అంటించింది. ఇరవై ఎనిమిదిలో తొమ్మిది మంది మాత్రం తిరిగి వచ్చినారు. పాత చారు అట్టిపెట్టేది మానేసింది. మొదటి పొద్దు చారు తెర్లతా ఉంటే నేను తల దువ్వుకోకుండా, ముఖం కడుక్కొని, ముక్కు శుభ్రంగా చీదుకొని వంటింట్లోకి పోయి నిలబడినాను, పిలుస్తాదని. నా ముక్కు ఆ పొద్దు అద్దం మాదిరి ఉంది. ఇంగువ, ఎండుమిరపకాయ, చింతపండు, ఒక్కొక్కటీ వేరేగా తెలుస్తా ఉన్నాయి. అమ్మ గరిటెడు చారు తీసి, ఊది, అరచేతిలో పోసుకొని, దేవరకు పెట్టకముందే, గడప మీద కూచొన్న అవ్వ చూస్తా ఉండగానే, నాలుకతో నాకి చూసింది. అవ్వ నోరు తెరిచి, మూసుకొనింది. అమ్మ ఉప్పు రవంత వేసి, మళ్ళా నాకి చూసింది. నేను ఆమె మోచేతి పక్కనే నిలబడి ఉన్నాను. బతికినన్ని దినాలూ వండింది మా అమ్మ, మళ్ళా ఒక్కసారి కూడా నన్ను పిలవలేదు.